ఎడమవైపు తిరిగిన నీలికొంగ

మా ఆయన లేని ఓడలకు బొమ్మలు వేస్తారు. నీళ్ళలో తిరిగేవి కావు, చుక్కల మధ్య తిరిగేవి. ఇరవై ఏళ్ళ కిందట టీవీలో వచ్చి సగంలో ఆగిపోయిన ఒక సీరియల్లోని నౌకలవి. సీరియల్ ఆగింది గానీ దాని అభిమానులు ఆగలేదు. వాళ్ళకోసం ఒక కంపెనీ ఏటా పన్నెండు నౌకలతో గోడ క్యాలెండర్ వేస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఆ పన్నెండు బొమ్మలూ మా ఆయన చేతివే. అంతకు ముందు ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవారు. బోర్డులన్నీ ఫ్లెక్సీలైపోయాక ఈ నౌకలే మమ్మల్ని ఒడ్డున పడేశాయి.

నేను యూనిఫారాలు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టర్ని. కోసిన గుడ్డ అంచు చూసి ఏ అమ్మాయి ఏ కత్తెరతో కోసిందో చెప్పగలను. నా కంటి మీద నాకు అంత నమ్మకం. ఆ నమ్మకం చేసిన నిర్వాకమే ఇదంతా.

క్యాలెండర్ కొత్త సంవత్సరానికి రెండు నెలల ముందే వస్తుంది. అది వచ్చిన వారం రోజులూ మా ఇంట్లో ఒక అలవాటుంది. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుని, కంపెనీ పేజీలో అభిమానులు రాసిన కామెంట్లు నేను పైకి చదువుతాను. ఆయన బ్రష్షులు కడుక్కుంటూ వింటారు. “మార్చి నౌకకి ఇంజన్ గొట్టం కాస్త లావైంది, అయినా క్షమించాం” అని ఒకడు రాస్తాడు. “మా పెళ్ళి ఫొటో తీసేసి ఆ మేకుకి జులై బొమ్మ తగిలించాను, ఇంట్లో మాటల్లేవు” అని ఇంకొకడు. వీళ్ళలో కిటికీల మాస్టారని ఒకాయన ఉన్నాడు. లెక్కల టీచరట. ఏటా ప్రతి నౌకకీ కిటికీలు లెక్కపెట్టి పట్టిక పెడతాడు. తప్పు దొరక్కపోతే ఆయనకి ఆ పూట అన్నం సహించదని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఈసారి మొదటి సాయంత్రమే మాస్టారి కామెంటు కనిపించింది. “నవంబరు. నీలికొంగ. కిటికీలు ఇరవై రెండు, సరిపోయాయి. కానీ ఓడ తిరిగిన వైపు సరిపోలేదు. ఎవరైనా గమనించారా?”

నేను గమనించలేదు. క్యాలెండర్ తిప్పి చూశాను. పదకొండు నౌకల ముక్కులు కుడివైపుకున్నాయి. నీలికొంగ ముక్కు ఒక్కటే ఎడమవైపుకుంది.

ఇందులో ఏముంది అనుకుంటారు, నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ సీరియల్లో ఒక పద్ధతి ఉందట. ఇల్లు వదిలి బయల్దేరే నౌకని ఎప్పుడూ ఎడమనుంచి కుడికి పోతున్నట్టు చూపించేవాళ్ళు. ఇంటికి తిరిగొచ్చే నౌకని కుడినుంచి ఎడమకి. నీలికొంగ చివరి భాగంలో బయల్దేరి వెళ్ళింది. అది తిరిగి రాకముందే సీరియల్ ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా రాని ఓడ ఇప్పుడు క్యాలెండర్లో ముక్కు ఇంటివైపు తిప్పుకుని కనిపించేసరికి వాళ్ళకి పూనకం వచ్చింది.

“కంపెనీవాళ్ళు మన చెవిలో ఏదో చెబుతున్నారు. సీరియల్ మళ్ళీ మొదలవుతోంది” అని ఒకరు రాశారు. “బొమ్మ చూసి ఏడ్చాను, మా అమ్మ డాక్టరుకి ఫోన్ చేసింది” అని ఒక అమ్మాయి. “ఏడవకండి, ఇది మిషన్ గీసిన బొమ్మ, మిషన్‌కి కుడీ ఎడమా తెలియవు” అని మరొకడు. రెండో రోజుకి ఆరు వందల కామెంట్లు. నేను చదువుతుంటే మా ఆయన నవ్వలేదు. బ్రష్షులు సగం కడిగి వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు.

మూడో రోజు మాస్టారు అసలు బాంబు పేల్చాడు. బొమ్మని పెద్దది చేసి, ఎర్ర సున్నాలు చుట్టి పెట్టాడు. పదకొండు బొమ్మల్లో నీడ కోసం వేసిన సన్నగీతలు ఒక వైపు వాలి ఉన్నాయట, నవంబరులో రెండో వైపు వాలాయట. పదకొండింటిలో వెలుగు ఎడమనుంచి పడుతోందట, ఇందులో కుడినుంచి. “ఇది మిషన్ కాదు. మనిషే. కానీ వేరే మనిషి. ఎడమచేతివాటం మనిషి. ఆర్టిస్టుగారు బయట ఎవరిచేతనో వేయించి తన సంతకం పెట్టుకున్నారు. ఎనిమిదేళ్ళుగా నమ్మినందుకు మాకీ మర్యాదా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆయనకి చదివి వినిపించాను.

“రాసుకోనీ” అన్నారు.

“రాసుకోనీ ఏంటండీ. మిమ్మల్ని దొంగ అంటున్నాడు.”

“అనుకోనీ. అసలు బొమ్మ ఉంది కదా, అది పంపిస్తే రంగు కింద తోకనుంచి ముక్కు దాకా చెయ్యెత్తకుండా లాగిన నా పెన్సిల్ గీత కనిపిస్తుంది. సరిపోతుంది.” అని గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నారు.

గడియ పెట్టుకోవడం కొత్త. ఎనిమిదేళ్ళలో ఆయన గదికి గడియ ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు. కొన్ని నెలలుగా పెట్టుకుంటున్నారని అప్పుడు తట్టింది. రంగు మీద దుమ్ము పడుతుందన్నారు, నేను సరేననుకున్నాను. సరేననుకున్న సంగతులన్నీ ఒక్కొక్కటే లేచి కూర్చోవడం మొదలుపెట్టాయి.

ఆ వారాంతంలోనే కంపెనీ మేడమ్ నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాసింది. పన్నెండు బొమ్మలూ సొంత చేత్తో వెయ్యాలన్నది ఒప్పందంలో ఉందనీ, ఈ నెలాఖరులోగా అభిమానులకి సమాధానం చెప్పకపోతే వచ్చే ఏడాది క్యాలెండర్ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందనీ దాని సారాంశం. ఆ క్యాలెండర్ లేకపోతే మా ఆయన ఏం చేస్తారో నాకు తెలియదు. పొద్దున లేచి, ముఖం కడుక్కుని, నౌకల దగ్గరికి వెళ్ళే మనిషాయన.

మర్నాడు ఆయన గది చెత్తబుట్ట నేనే తీశాను. కావాలనే తీశాను, దాచడమెందుకు. రంగు పక్కకి పోకుండా బొమ్మ మీద అంటించే కాగితం ముక్కలున్నాయి అందులో. ఒక ముక్క వెలుతురులో పెట్టి చూశాను. అంచు నమిలినట్టు ఉంది.

మామూలు కత్తెర కుడిచేతి మనుషుల కోసం చేసింది. కుడిచేత్తో పట్టుకుంటే వేళ్ళ ఒత్తిడికి రెండు బద్దలూ దగ్గరకొచ్చి గుడ్డ నున్నగా తెగుతుంది. అదే కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే బద్దలు ఎడంగా జరిగి, గుడ్డ మధ్యలో మడతపడి, అంచు నలుగుతుంది. మా యూనిట్లో చేరిన మొదటి రోజే ఎడమచేతివాటం పిల్లల్ని నేను ఇలాగే పట్టేస్తాను, వాళ్ళకి వేరే కత్తెర ఇస్తాను. నా చేతిలో ఉన్న కాగితం ఎడమచేత్తో కోసింది. మా ఆయనది కుడిచేయి. అంటే ఆ గడియ పెట్టిన గదిలో ఇంకెవరో కూర్చుని పనిచేశారు. మాస్టారు ఎర్ర సున్నాలతో చెప్పింది నా చేతికే దొరికింది.

యూనిట్లో ఇస్త్రీ సెక్షన్ పిన్నికి చెప్పాను. అదే నేను చేసిన మొదటి తప్పు. ఆవిడకి ముగ్గురు అల్లుళ్ళు, ముగ్గురి మీదా అనుమానమే.

“మీ ఇంటికి వచ్చిపోయేవాళ్ళెవరే?” అంది, కాలర్ మీద ఇస్త్రీ పెట్టె ఆపకుండా.

“ఎవరూ రారు పిన్నీ. నౌకల నమూనాలు చేసే అమ్మాయి తప్ప.”

“ఏ వయసు?”

“ముప్ఫై లోపే.”

“మీ ఆయన్ని ఏమని పిలుస్తుంది?”

“గురువుగారూ అని.”

పిన్ని పెట్టె నిలబెట్టి నా వైపు చూసింది. “బాబాయ్ అని పిలిస్తే భయం లేదు, సార్ అన్నా ఫరవాలేదు. గురువుగారూ అనేవాళ్ళని ఓ కంట కనిపెట్టాలమ్మాయ్” అంది.

నమూనాల అమ్మాయి సంగతి చెప్పాలి. పాత పైపు ముక్కలూ, బాటిల్ మూతలూ, సన్నటి చెక్కలూ అతికించి అచ్చం సీరియల్లో ఉన్నట్టే నౌకలు చేస్తుంది. మా ఆయన ఆ నమూనాని దారంతో వేలాడదీసి, దీపం పెట్టి, దాన్ని చూసి బొమ్మ వేస్తారు. నాలుగేళ్ళుగా వస్తోంది, వస్తే నన్ను అక్కా అంటుంది, నా చేతి టీ తాగి వెళ్తుంది. ఆ పిల్లని నేను అనుమానించాల్సి రావడం నాకే సిగ్గనిపించింది. అయినా అనుమానించాను.

ఆ గురువారం వచ్చింది. టీ కప్పు పిడి కుడికీ ఎడమకీ కాకుండా నా వైపుకి తిప్పి పట్టుకుని ఇచ్చాను. ఎడమచేత్తో అందుకుంది. తర్వాత చూస్తే కుడిచేతిలో నమూనా ఉంది. సరే, అది కింద పెట్టించి, సంచి మీద పేరు రాయమని పెన్ను ఇచ్చాను. “ఏ సంచి అక్కా?” అంది. కూరగాయల సంచి చూపించాను. నన్ను వింతగా చూసి, కుడిచేత్తోనే రాసింది. రెండు చేతులతోనూ పనిచేసే మనుషులుంటారని ఎక్కడో విన్నది అప్పుడే గుర్తుకు రావాలా. కుదిరిన సాక్ష్యం, కుదరని సాక్ష్యం అన్నీ ఒకే మూటలో కట్టుకున్నాను.

కూరగాయల సంచి లోపల పెట్టి వచ్చేసరికి ఇద్దరూ గది గుమ్మంలో నిలబడి గుసగుసలాడుతున్నారు. “అక్కకి చెప్పెయ్యండి గురువుగారూ” అంటోంది ఆ పిల్ల. నన్ను చూసి ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఆ తర్వాత నేను ఊరందరి చేతులూ చూడటం మొదలుపెట్టాను. బస్సులో టికెట్ ఇచ్చే చెయ్యి, మందుల దుకాణంలో మాత్రలు కత్తిరించే చెయ్యి, మా మరిది భోజనం దగ్గర నీళ్ళ గ్లాసు ఎత్తే చెయ్యి. మా మరిది ముక్కుసూటి మనిషి. “ఏంటొదినా, నా చేతికేమన్నా అంటుకుందా?” అని అడిగాడు. ఇంట్లో మాత్రం మామూలుగా వండి, మామూలుగా వడ్డించి, పక్కకి తిరిగి కూర్చునేదాన్ని. ఆయన చేతుల వంక చూడాలని నాకు తట్టలేదు. పదిహేడేళ్ళుగా తెలిసిన చేతులు, వాటిలో చూసేదేముంది అనుకున్నాను.

నెలాఖరు దగ్గరపడింది. ఆయన ఇంకా ఆ అసలు బొమ్మ పంపలేదు. “రేపు కడతాను, రేపు పంపుతాను” అంటున్నారు. ఆ బుధవారం సాయంత్రం మాస్టారు మళ్ళీ రాశాడు: “మౌనమే సమాధానం అని అర్థం చేసుకుంటున్నాం.” దాని కింద నూట నలభై మంది చప్పట్ల గుర్తులు పెట్టారు.

నాకు తాడో పేడో తేలిపోవాలనిపించింది. మా ఆయన పేరుతో ఉన్న ఖాతా నా ఫోన్‌లోనే ఉంటుంది. తెరిచి రాశాను: “ఈ ఆదివారం గ్రంథాలయం హాల్లో మీ వార్షిక సమావేశం ఉంది కదా. అక్కడికి వస్తాను. అందరి ముందూ నీలికొంగని గీస్తాను. కిటికీల మాస్టారు దగ్గర కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు.”

మీకు నిజం చెబుతాను. అందులో సగం వాళ్ళ నోళ్ళు మూయించడానికి రాశాను. మిగతా సగం ఆయన్ని పట్టుకోవడానికే రాశాను.

పంపాక వెళ్ళి చెప్పాను. ఆయన కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడ్డారు.

“ఎందుకు రాశావు?”

“మీరు వేసిన బొమ్మే కదా, మళ్ళీ వెయ్యడానికేం?”

“ఆరు నెలలు ఆగితే...” అని ఆగిపోయారు. తర్వాత నా కళ్ళలోకి చూసి, “నీకూ అనుమానమేనా?” అని నెమ్మదిగా అడిగారు.

“నాకెందుకు అనుమానం?” అన్నాను. అబద్ధం ఎంత సునాయాసంగా వచ్చిందో. ఆయన మూడు రోజులు గదిలోంచి పెద్దగా బయటికి రాలేదు. దొరికిపోయాడు, అందుకే ఈ తిప్పలు అని నేను లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఆదివారం పదింటికి హాలు నిండిపోయింది. రెండు వందల మంది దాకా ఉంటారు. నౌకల బొమ్మల చొక్కాలు, నౌక ఆకారం చెవిపోగులు, ఒకాయనైతే బట్టతల మీద ఇరవై రెండు కిటికీలు గీయించుకుని వచ్చాడు. ముందు వరసలో కంపెనీ మేడమ్. ఆవిడ పక్కన కళ్ళజోడుతో బక్కపలచటి మనిషి, చేతిలో స్కేలు. ఆయనే కిటికీల మాస్టారు. నేను దూరంనుంచి అనుకున్నంత దుర్మార్గుడిలా లేడు. రెండో వరసలో నమూనాల అమ్మాయి కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. దాన్ని అక్కడ చూసి నాకు ఇంకా మండింది.

వేదిక మీద బల్ల, కాగితం, దీపం, దారానికి వేలాడుతున్న నీలికొంగ నమూనా. ఆయన వెళ్ళి కూర్చున్నారు. దీపం ఎడమవైపు పెట్టి ఉంది. పెన్సిల్ కుడిచేత్తో తీసుకుని కాగితం మీద ఆనించారు.

చెయ్యి వణికింది. కాస్త అనుకుంటారేమో, కాదు. పెన్సిల్ మొన కాగితం మీద టకటకా కొట్టుకుంది, ఆ చప్పుడు మైకులో హాలంతా వినిపించింది. ఆయన ఆ చేతిని రెండో చేత్తో నొక్కిపట్టారు. మళ్ళీ ఆనించారు. మళ్ళీ అదే చప్పుడు. వెనక వరసల్లో ఎవరో నవ్వారు.

“భయమా సార్?” అన్నాడు మాస్టారు. ఎగతాళిగా అనలేదు, అడిగాడు.

మా ఆయన పెన్సిల్ ఎడమచేతిలోకి మార్చుకున్నారు. లేచి, దీపాన్ని బల్లకి కుడివైపుకి జరిపారు. చెయ్యి నీడ గీత మీద పడకుండా ఉండాలంటే దీపం రెండో వైపున ఉండాలి. నమూనాని దారంతో సహా ఎదురు తిప్పారు. కాగితం సరిచేసుకుని, తోకనుంచి ముక్కు దాకా ఒక్క ఊపున గీత లాగారు. ఆయన ఎప్పుడూ అలాగే మొదలుపెడతారు, మధ్యలో చెయ్యి ఎత్తరు. కుడిచేత్తో లాగితే ఆ గీత కుడికి పోతుంది. ఎడమచేత్తో లాగితే ఎడమకే పోతుంది. నీలికొంగ ముక్కు ఎడమవైపు వచ్చి ఆగింది.

ఆ నమిలిన కాగితం అంచు కళ్ళ ముందు కనిపించింది. పుట్టుకతో ఎడమచేతివాటం ఉన్నవాళ్ళు మామూలు కత్తెరతో పడుతూ లేస్తూ ఎలాగో సర్దుకోవడం నేర్చుకుంటారు, అంచు మరీ అంత పాడవదు. అది కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి కోసిన అంచు. ఏటా ముప్ఫై మంది కొత్తపిల్లల్ని చూసేదాన్ని నేను. నా మొగుడి కొత్తచేతిని పోల్చుకోలేకపోయాను.

బొమ్మ పూర్తవడానికి గంటన్నర పట్టింది. ఒక్కరూ లేచి వెళ్ళలేదు. మాస్టారు స్కేలు పక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆయన పెన్సిల్ కింద పెట్టాక వెళ్ళి వేలితో కిటికీలు లెక్కపెట్టాడు. సన్నగీతల వాలు చూశాడు. చూసి, మైకు తీసుకున్నాడు.

“నవంబరు బొమ్మ ఈయనదే. నేను రాసింది తప్పు. పేజీలో కూడా రాస్తాను” అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, “నాకు చెప్పి ఉండాల్సింది సార్, ఒక్క ముక్క చెబితే ఊరుకునేవాణ్ణి” అన్నాడు.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు సద్దుమణిగాక వెనకనుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది. బొమ్మ చూసి ఏడ్చానని రాసిన అమ్మాయే అయ్యుంటుంది. “అయితే నీలికొంగ తిరిగి రావట్లేదా అండీ?”

“నాకు తెలీదమ్మా” అన్నారు ఆయన. “చెయ్యి ఎటు లాగితే అటు తిరిగింది, అంతే.”

ఆ అమ్మాయి కూర్చుండిపోయింది. ఆ పద్ధతీ గిద్ధతీ నాకు తలకెక్కకపోయినా ఆ పిల్ల ముఖం చూస్తే జాలేసింది.

కంపెనీ మేడమ్ బల్ల దగ్గరికి వచ్చింది. నేనూ వెళ్ళాను. ఆవిడ బొమ్మని చాలాసేపు చూసి మెచ్చుకుంది. ఆ తర్వాత అడిగింది.

“నవంబరు బొమ్మకి మొత్తం ఎన్నాళ్ళు పట్టింది?”

ఆయన అబద్ధం చెప్పొచ్చు. నేనైతే చెప్పేదాన్ని. “నాలుగు నెలలు” అన్నారు. “మిగతా పదకొండూ అప్పటికే కుడిచేత్తో అయిపోయాయి. ఇదొక్కటే మిగిలింది.”

“అంటే ఏడాదికి మూడు.”

“ఇప్పటికి మూడే. సాధన చేస్తే వేగం వస్తుంది. ఆరు నెలలు గడువిస్తే...”

ఆవిడ తల దించుకుంది. “మీరు నిజం నిరూపించుకున్నారు, చాలా సంతోషం. కానీ నా క్యాలెండర్‌లో పన్నెండు నెలలున్నాయండీ” అంది. ఆవిడ తప్పేం లేదు. చేతులు జోడించి వెళ్ళిపోయింది. కుదిరితే ఒక నెల బొమ్మకి ఫోన్ చేస్తానని చెప్పింది.

నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. అసలు బొమ్మ పంపి ఉంటే సరిపోయేది. దాన్ని కట్ట కట్టడానికి రెండు చేతులూ నిలకడగా ఉండాలి, అందుకే రేపు రేపంటూ వచ్చారు. రంగు కింద చెయ్యెత్తకుండా లాగిన ఆయన గీత చూసి మాస్టారు ఒప్పుకునేవాడు, ఎడమచేతి సంగతి ఎవరికీ తెలిసేది కాదు, వచ్చే ఏడాది క్యాలెండర్ ఆయన చేతికే వచ్చేది, ఈలోగా ఆ చెయ్యి పదును తేలేది. ఆయన అడిగింది ఆరు నెలలు. నేను నాలుగు రోజులిచ్చాను.

ఇంటికి నడిచే వెళ్ళాం.

“ఎప్పట్నించి?” అని రెండు వీధులు దాటాక అడిగాను.

“మొన్న వేసవి నించి. నరాల డాక్టరుకి చూపించాను. మందులిచ్చాడు. ఎడమచేతిక్కూడా వస్తుంది గానీ టైముంది అన్నాడు.”

“ఆ అమ్మాయికి తెలుసు.”

“దాని ముందే నమూనా చేతిలోంచి జారిపోయింది. దాచడానికి లేకపోయింది. నీకు చెప్పమని నెత్తీ నోరూ కొట్టుకుంది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే పొద్దున లేచిందగ్గర్నించీ నా చేతినే చూస్తూ కూర్చుంటావు. చేతులు చూడ్డమే కదా నీ ఉద్యోగం. కాస్త పని పట్టుబడ్డాక చెబుదామనుకున్నా. చూడు, రెండో చేత్తోనూ చేస్తున్నా అని చూపిద్దామనుకున్నా.”

ఇక నేను దాచలేకపోయాను. చెత్తబుట్ట, కాగితం అంచు, టీ కప్పు, కూరగాయల సంచి, పిన్ని మాటలు, అన్నీ చెప్పేశాను. ఆ పిల్లతో మీకేదో ఉందనుకున్నాను అని కూడా చెప్పేశాను. ఆయన నవ్వుతారేమో అని ఒక ఆశ. నవ్వలేదు. వీధి మలుపులో ఆగిపోయారు.

“ఎన్నాళ్ళు అనుకున్నావు?”

“నెల రోజులు కావస్తోంది.”

“నెల రోజులూ అలా అనుకుంటూనే అన్నం పెట్టావా?”

అవునన్నట్టు తల ఊపాను.

“వాళ్ళు ఆరు వందల మంది రాశారు” అన్నారు ఆయన. “ఒక్కటి కూడా నన్ను తాకలేదు. వాళ్ళు నన్నెరగరు కదా. నువ్వు ఎరుగుదువు.”

అని నడవడం మొదలుపెట్టారు. నేను వెనకే నడిచాను. ఏడ్చాను కూడా. వీధిలో జనం చూస్తున్నారని తెలుసు, అయినా ఏడ్చాను. ఇంటికెళ్ళాక ఆయన గదిలోకి వెళ్ళారు. గడియ పెట్టుకోలేదు. ఆ రాత్రి కంచం తనే పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున నేను పనికి బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే ఆయన స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజట. నన్ను రమ్మనలేదు. ఎడమచెయ్యి మాత్రం నా ముందుకి చాపారు. మణికట్టు దగ్గర గుండీ పెట్టక చొక్కా చెయ్యి వేలాడుతోంది. ఆ గుండీ పెట్టుకోవలసింది కుడిచేత్తో.

“ఇది నాకు రావట్లేదు” అన్నారు.

చెప్పులు విడిచేసి దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై పొరల గుడ్డ ఒక్క వేటున కోసే చేతులు నావి. ఆ ఒక్క గుండీ పెట్టడానికి మూడుసార్లు పట్టింది. ఆయన తొందరపెట్టకుండా చెయ్యి అలాగే చాపి ఉంచారు.